మోతకు అందని గురి

తామ్రగిరి గుహలో కొలిమి పగలూ రేయీ మండుతోంది. ఆ వెలుగులో గోడల మీది రాగి జీరలు ఎర్రని పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. పైకప్పును అంటుకున్న గబ్బిలాలు వేడికి తాళలేక గుంపుగా లేచి బయటి ఎండలోకి దూకి, అక్కడా నిలవలేక మళ్ళీ లోపలికే వస్తున్నాయి. కొలిమి ముందు చతికిలబడ్డ ముసలి కమ్మరి ప్రోలయ కొత్తగా చేసిన ఉక్కు గొట్టాన్ని గుహ ముఖం వైపు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"రా పిల్లా, నువ్వూ చూడు."

మైలాంబ మోకాళ్ళ మీద వంగి చూసింది. నున్నటి లోపలి గోడ మీద సన్నని గాడులు, తీగ చెట్టును చుట్టుకున్నట్టు, ఈ కొస నుంచి ఆ కొసకు మెలి తిరుగుతూ పోయాయి.

"గుండు ఈ మెలికల్లో తిరుగుతూ బయటపడాలి. గిర్రున తిరిగే బొంగరం ఒరగదు చూడు, అట్లాగే గుండూ దారి తప్పదు" అన్నాడు ప్రోలయ.

"తిరగకపోతే?"

"తిరగకపోతే నీ తమ్ముడు పిండవుతాడు."

ముసలివాడి నోటికి మెత్తని మాట రాదు. మైలాంబకు అది అలవాటే. 

మేఘపురి రాజ్యానికి తూర్పున, కాటుకేరు నది నడుమ గద్దముక్కులా పొడుచుకొచ్చిన రాతిదీవి మీద కోరిన రూపం ధరించగల కాకోలుడనే మాంత్రికుడు కోట కట్టుకుని ఉన్నాడు. వాడి నడుముకు ఎప్పుడూ రెండు ముఖాల ఢక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని మోత విన్న మనిషి విన్నచోటనే రాయి అయిపోతాడు. చెవుల్లో మైనం పోసుకుని వెళ్ళినవాళ్ళూ రాళ్ళయ్యారు. ఆ మోత చెవులకు కాదు, ఎముకలకు వినబడుతుందట. యువరాజు సోమదేవుడు సేనతో దీవికి పోయే రాతికట్ట మీద అడుగుపెట్టిన రోజున కాకోలుడు బురుజెక్కి ఢక్క మోగించాడు. ఎత్తిన కత్తులు ఎత్తినట్టే, తెరిచిన నోళ్ళు తెరిచినట్టే, సేనంతా శిలలై కట్ట మీద నిలిచిపోయింది. యువరాజు పక్కన జెండా పట్టుకుని నడిచిన మైలాంబ తమ్ముడు ఎర్రన కూడా అట్లాగే నిలిచిపోయాడు. ఆనాటి నుంచి ప్రతి పున్నమికీ, పొద్దు వాలే వేళ, కాకోలుడు కట్ట మీదికి వచ్చి ముందు వరసలోని ఒక శిలను ఇనుప సమ్మెటతో పగలగొట్టి, ఆ పిండిని తన హోమానికి తీసుకుపోతున్నాడు. ఇక ఆ వరసలో మిగిలింది యువరాజు, ఎర్రన మాత్రమే. తెల్లవారితే పున్నమి.

వాణ్ణి కొట్టాలంటే మోత అందనంత దూరం నుంచి కొట్టాలి. బాణం అంత దూరం పోదు. ఫిరంగి గుండు పోతుంది గాని, అది వాడితోపాటు కట్ట మీది శిలలన్నిటినీ నుగ్గు చేస్తుంది. మిగిలింది తుపాకి.

మైలాంబ తండ్రి కోట కావలినాయకుడుగా పనిచేసి కన్నుమూసినవాడు. కూతురికి ఆయన మిగిల్చిపోయింది ఒక గడియ తుపాకి. ముందు నుంచి మందు కూరే తుపాకుల వంటిది కాదది. తలుపు గడియ తీసినట్టు వెనక ఇనుప గడియ లాగి, గుండూ మందూ లోపల పెట్టి, మళ్ళీ గడియ వేసి పేల్చాలి. వాగు అవతలి అడవిపందిని పడగొట్టడానికి దానికి సాటి లేదు. అరక్రోసు దూరం అనేసరికి మాత్రం దాని గుండు సగం దారిలోనే నేలకు దిగిపోయేది. అందుకే ప్రోలయ పాత గొట్టం ఊడదీసి, దానికంటే పొడుగైనదీ దళసరిదీ చేశాడు.

కొత్త గొట్టం బిగించి, ఎదుటి కొండ మీద ఒక గుమ్మడికాయ పెట్టి పేల్చి చూశారు. గుండు పోయి పక్కనున్న చింతకొమ్మను విరిచింది. రెండోసారి ఇటుపక్క బండను కొట్టింది.

"నీ చెయ్యి వణుకుతోంది" అన్నాడు ప్రోలయ.

"వణికేది నా చెయ్యి కాదు తాతా, నీ గొట్టం." మైలాంబ ఉక్కు మీద అరచేయి ఆనించింది. "ఇంకా జుమ్మంటోంది చూడు. కింది కొయ్య దీన్ని ఒకచోట గట్టిగా పట్టుకుంటోంది, ఒకచోట వదిలేస్తోంది. వేడెక్కిన కొద్దీ ఆ పట్టు కూడా మారుతోంది. ఇంక గురి నిలిచేదెట్లా?"

"కొయ్య తొలిచేస్తే బలం ఎక్కణ్ణుంచి వస్తుందే?"

"గడియ దగ్గర బిగించు, చాలు. ముందుకంతా గాలిలో ఉండనీ."

ముసలివాడు గడ్డం గోక్కుంటూ గొణిగాడు, తిట్టాడు, కొలిమిలో కాండ్రించి ఉమ్మాడు. చివరికి ఉలి అందుకున్నాడు. గొట్టానికీ కొయ్యకూ నడుమ తమలపాకు దూరి జారిపోయేంత సందు వచ్చేదాకా తొలిచాడు. గడియ కూర్చునే చోట కరిగిన లక్కలో ఇనుప రజను కలిపి పోసి, ఉక్కునూ కొయ్యనూ ఒకటి చేశాడు. దూరపు వస్తువును దగ్గర చేసే గాజుగొట్టాన్ని పైన రెండు ఇత్తడి కడియాలతో బిగించాడు. అప్పుడొక చిక్కు వచ్చింది. అద్దంలోకి చూడాలంటే మైలాంబ చెంప కొయ్యకు ఆనడం లేదు.

"కొయ్య కోసి ఎత్తు కట్టాలి" అన్నాడు ప్రోలయ, రంపం తీస్తూ.

మైలాంబ అడ్డుగా చేయి పెట్టింది. తండ్రి చెంప ఆనీ ఆనీ ఆ కొయ్య నీటిలోని గులకరాయిలా నునుపు తేలి ఉంది. ఆయన పోయాక ఎన్నోసార్లు ఆమె దాని మీద తల వాల్చి పడుకుంది. చాలాసేపు చేయి తియ్యలేదు. తీశాక ముఖం తిప్పుకుంది. రంపం చప్పుడు వినలేక బయటికి వెళ్ళి ఎండలో నిలబడింది.

తిరిగి వచ్చేసరికి కొయ్య మీద దున్నతోలు మెత్త కుట్టి ఉంది. ఆమె చెంప సరిగ్గా అక్కడ ఒదిగింది. తుపాకి పేల్చే మీటను కూడా ఆకురాయితో అరగదీసి, పండిన రేగుపండును గిల్లినంత ఒత్తిడికే పడేట్టు చేశాడు. ఈసారి గుమ్మడికాయ ఫట్టున పగిలి, దాని గుజ్జు బండ మీదుగా కారింది.

మైలాంబకు సంతోషం కలగలేదు. ఇంతవరకూ ఆమె మనిషి మీద గురి పెట్టలేదు. కాకోలుడు ఎంత పాపాత్ముడైనా, అద్దంలోంచి చూస్తే వాడికీ ఒక ముఖం ఉంటుంది.

"భేష్! భేష్!" అని చప్పట్లు వినిపించాయి. వచ్చినవాడు గొంక దండనాయకుడు. మంత్రి కేతనామాత్యుడు వాళ్ళకు కాపుగా పంపిన వీరుడు. నున్నగా దువ్విన మీసం, నోటినిండా తాంబూలం, మాట తేనె. "రేపు వాడి రొమ్ము మీద కొట్టు మైలాంబా. రొమ్ము తప్ప మరెక్కడా గురి పెట్టొద్దు. మంత్రిగారు మరీమరీ చెప్పమన్నారు."

తెల్లవారగానే ముగ్గురూ బయలుదేరారు. కాటుకేటి గట్టు పొడుగునా కాకోలుడి కావలివాళ్ళుంటారు. మనిషి మొండెమూ దుమ్ములగొండి తలా ఉన్న వికృతులు. ఆయుధం కనబడితే ఎముకలు కూడా మిగల్చరు. అందుకని తుపాకిని తెల్లగుడ్డలో చుట్టి పాడె మీద పడుకోబెట్టారు. తల ఉండవలసిన చోట పాత కుండ పెట్టి, పైన పూలు చల్లారు. గొంకుడు ముందు, ప్రోలయ వెనక మోస్తుంటే మైలాంబ జుట్టు విరబోసుకుని ఏడుస్తూ నడిచింది. ఏడుపు నటించాలనుకుంది గాని, రాతికట్ట దూరాన కంటబడేసరికి నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి.

రేవు దగ్గర కావలివాడొకడు ఈటె అడ్డం పెట్టాడు. "గుడ్డ తియ్యండి."

"తీసి చూసుకో దొరా" అన్నాడు ప్రోలయ, పాడె దించుతూ. "నా కోడలు. అమ్మవారు పోసి పోయింది. ముట్టుకున్నవాళ్ళు ఊళ్ళో ఇంకా పడుతూనే ఉన్నారు, పాడెలు లేస్తూనే ఉన్నాయి."

దుమ్ములగొండి తల గభాలున వెనక్కి జరిగింది. కాని ముక్కు మాత్రం గాలిలో ఆడింది. "శవం వాసన లేదే! నూనె వాసన వస్తోంది!"

గొంకుడి చేయి మొలలో దాచిన కత్తి మీదికి పోయింది. మైలాంబ ఒక్క ఉదుటున పాడె మీద పడి, "ఆముదం రాశానయ్యా! ఒళ్ళంతా పుళ్ళు, గుడ్డ అంటుకుంటోందని ఆముదం రాశాను! నువ్వూ చూస్తావా, రా!" అని వాడి మణికట్టు పట్టుకుని లాగింది. కావలివాడు కెవ్వున అరిచి చేయి విదిలించుకున్నాడు. ఏటిలోకి దూకి, మోచేతి దాకా ఇసుకతో రుద్దుకోసాగాడు. మిగిలినవాళ్ళు దారి విడిచి దూరంగా పరుగెత్తారు.

పొద్దు వాలుతుండగా గద్దలబోడు కొండ ఎక్కి, పాడె దించి తుపాకి బయటికి తీశారు. అక్కణ్ణుంచి కింద కాటుకేరు నల్లపట్టు పరిచినట్టు మెరుస్తోంది. ఆ పట్టు మీద కత్తిగాటులా రాతికట్ట. కట్ట నిండా కదలని సేన. ఒక శిల భుజం మీద కొంగ నిలబడి ఉంది. మరొకడి తెరిచిన నోట్లో పిచ్చుక గూడు పెట్టింది.

"అక్కడే ఆగండి!" అని ఎవరో అరిచారు.

వాలులో కొంచెం దిగువన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నడుము వరకూ రాయి. నడుము పైన నెరిసిన గడ్డం, గుంటకళ్ళు, కదిలే చేతులు. రాతి కాళ్ళ మీద నాచు పెరిగి ఉంది.

"నా పేరు కొమ్మన. యువరాజు సేనలో కడపటి బంటును. నన్ను దాటి ఒక్క అడుగు దిగినా మోతకు చిక్కుతారు. ఢక్క కుడి ముఖం మోత సన్నం, దూరం రాదు. అది తగిలితే నడుము పైభాగం రాయి. ఎడమ ముఖం మోత లావు, దూరం పాకుతుంది. అది తగిలితే కాళ్ళు రాయి. నాకు ఎడమదొక్కటే అందింది."

మైలాంబ తోలుతిత్తిని కర్ర చివర కట్టి అతని నోటికి నీళ్ళు అందించింది. "ఇన్నాళ్ళూ తిండి?"

"రాయికి ఆకలెక్కడిది తల్లీ! దాహం మాత్రం సగం మిగిలింది." కొమ్మన తాగి, ఆమె చేతిలోని తుపాకి చూశాడు. అతని ముఖం మారింది. "కాకోలుణ్ణి చంపడానికి వచ్చావా? చంపకు! వాడు ఎన్నోసార్లు ఇక్కడికొచ్చి నన్ను చూసి నవ్వాడు. 'నేను చస్తే మీరంతా ఎప్పటికీ రాళ్ళేరా, ముందు నా ఢక్క పగలాలిరా' అన్నాడు. ఢక్కను కొట్టు. ఎడమ, కుడి రెండూ పగలాలి. ఈ సంగతి పోయిన పున్నమికే ఈ దొరకు చెప్పానే! నీకు చెప్పలేదా?"

అతని వేలు గొంకుడి వైపు చూపింది.

మైలాంబ మెల్లగా వెనక్కి తిరిగింది. గొంకుడి ముఖంలో నవ్వు చెదరలేదు. "యువరాజు రాయిగా ఉంటేనే మంత్రిగారి కొడుక్కి సింహాసనం. ఇందులో దాచేదేముంది? నీకొక దుర్గం ఇప్పిస్తాను మైలాంబా. జీవితమంతా రాణిలా బతుకు."

"మా ఎర్రన?"

గొంకుడు కత్తి దూశాడు.

వేటు మెడ మీదికి వచ్చింది. ఆమె తుపాకి అడ్డం పెట్టింది. కత్తి ఇత్తడి కడియానికి తగిలి నిప్పులు రాలాయి. రెండో వేటు ఎత్తేలోగా ప్రోలయ ఎలుగుబంటిలా వెనక నుంచి వాడి నడుము చుట్టేశాడు. ఇద్దరూ కాళ్ళు తప్పి, వాలు మీద దొర్లుతూ, కొమ్మనను దాటి చాలా కిందికి పోయారు.

"తాతా! పైకి రా! పైకి!"

అదే సమయానికి కోట తలుపులు తెరుచుకున్నాయి. మైలాంబకు ఏ చప్పుడూ వినబడలేదు. నది మీది కొంగలన్నీ ఒక్కసారి లేవడం మాత్రం చూసి, కాకోలుడు ఢక్క మోగించాడని గ్రహించింది. కిందకు చూసేసరికి ప్రోలయా గొంకుడూ ఒకరినొకరు పట్టుకున్న నల్లరాతి బొమ్మలై ఉన్నారు. గొంకుడి కత్తిమొన ముసలివాడి డొక్కకు ఆని ఉంది. కత్తి పట్టిన వాడి మణికట్టును ముసలివాడి పిడికిలి బిగించి ఉంది.

ఏడవడానికి వ్యవధి లేదు. ఆమె బండ మీద బోర్లా పడుకుని, గొట్టం కింద గుడ్డమూట పెట్టి, మెత్తకు చెంప ఆనించింది. అద్దంలో కాకోలుడు కనిపించాడు. తాటిచెట్టంత మనిషి, కాకి ఈకల కంబళి, మోకాళ్ళ దాకా జటలు, వేళ్ళకు పులిగోళ్ళ ఉంగరాలు, భుజాన సమ్మెట, నడుమున ఎర్రతోలు ఢక్క. వాడికి ముఖం ఉంది. ఆ ముఖంలో కోపమూ లేదు, ఆనందమూ లేదు. పొయ్యిలోకి కట్టెలు ఏరుకునేవాడి ముఖంలా ఉంది. వాడు యువరాజును చూశాడు. తర్వాత ఎర్రనను చూశాడు. ఎర్రన ముందు ఆగాడు.

సమ్మెట ఎత్తడానికి వాడు పక్కకు తిరిగాడు. ఢక్క కుడి ముఖం ఆమెకు ఎదురుగా వచ్చింది. గుండు ఇటు దూరి అటు వెళితే రెండు ముఖాలూ పగులుతాయి. మైలాంబ ఊపిరి సగం విడిచి, ఆపి, మీట గిల్లింది.

తుపాకి భుజాన్ని గుద్దింది. పొగ విడిపోయింది. కత్తివేటుకు కడియం వంగిపోయిందేమో, గుండు వెంట్రుకవాసి ఎడమ పక్కకు పోయింది. కుడి ముఖం చిరిగి వేలాడుతోంది గాని, గుండు ఢక్క కొయ్య అంచుకు తగిలి తప్పుకుంది. ఎడమ ముఖం అట్లాగే ఉంది.

మరుక్షణం కాటుకేరు దద్దరిల్లింది. కట్ట మీది సేనంతా నడుము వరకూ ప్రాణం పోసుకుంది. నడుము కింద రాయే. నోళ్ళు ఆనాడు మధ్యలో ఆగిన కేకను ఇప్పుడు పూర్తి చేశాయి. చేతులు గాలిని పట్టుకున్నాయి. కాళ్ళు కదలక ఒకరి మీద ఒకరు వాలి, బాధతో అరిచారు. ఆ అరుపులు మోతకు అందని చోటుకు కూడా అందాయి. మైలాంబ చెవులు మూసుకోబోయి, మానుకుంది.

కింద వాలు నుంచి గొంకుడి గొంతు వచ్చింది. "కొట్టకు మైలాంబా! నా కాళ్ళు వస్తే ఈ ముసలాడి డొక్క చీలుస్తాను!"

"వాడి కూతలు వినకే పిల్లా!" ప్రోలయ గొంతు పగిలిన కంచులా ఉంది. "వాడి మణికట్టు నా చేతిలో ఉంది. గాలి చూసుకో! ఏటి మీద రెల్లు ఎడమకు ఒరిగింది!"

ఆమె గడియ లాగింది. కాలిన మందు వాసన ముక్కుకు కొట్టింది. కొత్త గుండు పెట్టి గడియ వేసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది.

కాకోలుడు కొండల వైపు చూస్తూ, పగలని ముఖాన్ని ఒంటికి అదుముకుని వెనక్కి తిరుగుతున్నాడు. వాడు చూడనిది ఒక్కటే. ఎర్రన చేతులకు ప్రాణం వచ్చింది. ఎర్రన ఢక్క తాడు దొరకబుచ్చుకుని బలంకొద్దీ గుంజాడు. తాడు తెగింది. కుర్రవాడు ఢక్కను రెండు చేతులా తలపైకి ఎత్తి, ఎవరు కొట్టారో తెలియకపోయినా, పొగ లేచిన కొండ వైపు దాని పగలని ఎడమ ముఖం తిప్పి పట్టాడు.

కాకోలుడు సమ్మెట ఎత్తాడు.

ఇంకో గుండు పెట్టే వ్యవధి ఉండదు. వాణ్ణి కొడితే తమ్ముడు బతుకుతాడు, కాని నడుము దాకా రాయిగానే. సేనంతా, కొమ్మనా, ప్రోలయా అట్లాగే ఎప్పటికీ ఉండిపోతారు. ఢక్కను కొడితే అందరికీ కాళ్ళొస్తాయి, కాని సమ్మెట ఆగదు. ఎర్రన ఢక్కను దించడం లేదు.

వంగిన కడియం ఎంత తప్పిస్తోందో అంత కుడికి, గాలి ఎంత తోస్తుందో మరికొంత కుడికి జరిపి, మైలాంబ మీట గిల్లింది.

ఢక్క తునాతునకలైంది. అదే క్షణాన సమ్మెట కిందికి దిగింది.

కట్ట మీద వేల కాళ్ళ నుంచి రాతిపొడి ఒక్కసారి రాలి, తెల్లని మేఘమై లేచింది. దానిలో యువరాజు లేడు, ఎర్రన లేడు, ఏమీ కనబడలేదు. కొంచెం కింద కొమ్మన కాళ్ళు నిలవక బోర్లా పడి, మోకాళ్ళు తడుముకుంటూ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా శబ్దం చేస్తున్నాడు. దిగువన ప్రోలయ గొంకుడి కత్తి చేతిని రాతికేసి మోదుతున్నాడు. మైలాంబ మిగిలిన కడపటి గుండు పెట్టి గడియ వేసి, వాలు వెంట పరుగు తీసింది. పొదలు ఆమె కాళ్ళను చీరాయి. చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆమె కట్ట మొదలుకు చేరేసరికి ధూళి పలచబడుతోంది.

అందులోంచి ఎర్రన బయటికి వచ్చాడు. తెగిన తాడు ముక్క అతని పిడికిట్లో ఉంది.

"ఎర్రనా!" అని మైలాంబ అరిచింది.

అతని వెనకనే ధూళిలోంచి మరో ఎర్రన వచ్చాడు. అవే కళ్ళు, అదే నుదుటి గాయం, పిడికిట్లో అదే తాడు ముక్క. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఉలిక్కిపడ్డారు. ఇద్దరూ ఆమె వైపు చేతులు చాచి, ఒకే గొంతుతో పిలిచారు.

"అక్కా!"

మైలాంబ తుపాకి ఎత్తింది.